గొర్లబండ మీద గొంగడి

మన ఊరు, మిర్యాలగూడ దగ్గర
అక్టోబరు 2004, రంజాన్ మొదటి వారం

రజనీ,

ఇక్కడ మేము క్షేమం అని మొదలుపెడదామని కూర్చున్నాను. క్షేమమో కాదో నాకే తెలియడం లేదు. ఐదో నెల కడుపుతో ఉన్నదానికి ఇలాంటివి రాయొచ్చో లేదో కూడా తెలియదు. కానీ చిన్నప్పటినుంచి నా కడుపులో మాట నీకు చెప్పకుండా ఎప్పుడు ఉన్నాను?

మొదటి రోజా నాడు పొద్దుగూకే వేళకు ఎప్పటిలాగే కరెంటు పోయింది, మసీదు మైకు మూగబోయింది. మసీదు ఊరికి ఆ కొసన, కాలువ పక్కన మా నాలుగిళ్లు ఈ కొసన. మైకు లేకపోతే మౌజన్ సాబ్ అజాన్ మా దాకా రాదు. అందుకే కదా మీ నాయన ఇన్నేళ్లూ నడుమనున్న గొర్లబండ ఎక్కి, ఉత్త గొంతుతో వచ్చే అజాన్ చెవినబడగానే, తుమ్మకొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్కను కొట్టేవాడు. ఆ మోత విని మేం ఉపవాసం విడిచేవాళ్లం. కొట్టి, దిగి, మా అరుగు మీద కూర్చుని మాతోపాటే గుగ్గిళ్లు తినేవాడు. మేం నమాజు చేసుకునేంతసేపూ గొంగడి ఒళ్లో పెట్టుకుని, దగ్గొస్తే నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు చేయకుండా ఉండేవాడు.

మంగయ్య కాక ఎండాకాలంలోనే పోయాడు. ఈ ఏడు పట్టా కొట్టే మనిషి లేడన్న సంగతి, నీ మీద ఒట్టు, ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

అమ్మ ఖర్జూరం చేతిలో పట్టుకుని కూర్చుంది. షుగరుతో చూపు పోయాక ఆమెకు చెవులే దిక్కు. రోజాలు వద్దన్నాడని డాక్టరునే తిట్టి వచ్చిన మనిషి. "అమ్మా, టైమయింది, గడియారం చూసిన" అన్నాను.

"గడియారం ఆగుతది. మంగయ్య ఆగడు" అన్నది.

కాక లేడు కదమ్మా అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చీకటి పడుతోంది. అమ్మ పెదాలు ఎండిపోయాయి, నుదుటి మీద చెమట. బతిమాలాను. చేయి పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చాను. పళ్లు బిగించింది.

అప్పుడు పట్టా మోగింది.

నేను బయటికి ఉరికాను. బండ మీద గొంగడి కప్పుకున్న మనిషి. నేను దగ్గరికి పోయేలోగా అటువైపు దిగిపోయింది ఆ ఆకారం. కానీ గొంగడి కొస రాయికి పట్టుకుని ఒక్క రెప్పపాటు ఆగింది. మూలన ఎర్ర దారం అతుకు. అది నువ్వు కుట్టిందే.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఖర్జూరం నములుతోంది. "చెప్పిన కదా, మంగయ్య ఆగడని" అన్నది.

నాకు భయంగా ఉంది రజనీ.

నీ
గౌసియా

*

కోదాడ
అక్టోబరు 2004

గౌసీ,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. ఫోను చేద్దామంటే అది మా అత్తమ్మ మంచం పక్కనే ఉంది. నేను "హలో" అంటే చాలు, ఆమె నిద్రలో కూడా చెవులు రిక్కిస్తుంది.

నీకో సంగతి చెప్పలేదు. మా వాళ్లలో గొర్లు కాసిన మనిషి పోతే, అతని గొంగడి అతని మీదే కప్పి సాగనంపుతారు. ఎండకూ వానకూ తోడున్నది చివరికి కూడా తోడుండాలని. నాయన పోయిన రోజు ఆ గొంగడి కోసం ఇల్లంతా వెతికాం. దొరకలేదు. "ఏడ పెట్టిండో ఏమో" అన్నది అమ్మ. దుప్పటి కప్పి పంపాం. దుప్పటి గౌసీ! చలికాలం పొలాల్లో పడుకున్న మనిషికి పలచటి దుప్పటి. ఆ రోజునుంచీ నాకు చలేస్తే నాయనకు చలేస్తున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు నువ్వు ఆ గొంగడి కనిపించిందంటున్నావు. దాన్ని వెతుక్కుంటూ తిరిగొచ్చాడా? తీసుకుని ఎందుకు పోలేదు? ముఖం చూశావా? దగ్గాడా? నా గురించి ఏమన్నా అడిగేటట్టు ఉన్నాడా?

నిజం చెప్పనా, భయం కన్నా నాకు నీ మీద కుళ్లు ఎక్కువగా ఉంది. కన్నకూతుర్ని నేను. కలలోకి కూడా రాలేదు. నీకు కనిపించాడు.

దీపాలు పెట్టే వేళకు కడుపులో బిడ్డ కదులుతోంది. పొద్దంతా మొద్దునిద్ర పోయి ఆ వేళకే లేస్తుంది. నేను కోదాడ రోడ్డు మీది లారీల మోతలో పట్టా చప్పుడు వెతుక్కుంటూ కూర్చుంటున్నాను. వెంటనే రాయి.

రజని

*

మన ఊరు
అక్టోబరు 2004

రజనీ,

నువ్వు అంత మనసులో పెట్టుకోకు. మసక వెలుతురులో నేనే ఏదో చూసుంటాను. గొంగళ్లన్నీ నల్లగానే ఉంటాయి, ఎర్ర దారం ఎవరు కుట్టుకోరు? పట్టాను ఎవరో పిల్లలు కొడుతున్నట్టున్నారు. భయపడాల్సింది ఏమీ లేదు.

ఇక్కడ రోజాలు బాగా నడుస్తున్నాయి. పట్టా మోగగానే కాలువ పక్క ఆడవాళ్లందరూ మా వాకిట్లోనే చేరుతున్నారు. చాపల మీద దస్తర్ఖాన్ గుడ్డ పరిచి నానిన శనగపప్పు, అరటిపండ్లు, మిరపకాయ బజ్జీలు పెట్టుకుంటున్నాం. తిన్నాక అందరం ఒక వరసలో నిలబడి నమాజు చేసుకుంటున్నాం. అమ్మ కూర్చునే చేస్తోంది, వచ్చినవాళ్లందరికీ మాత్రం మంగయ్యే కొడుతున్నాడని చెప్తోంది.

అమ్మ రోజూ ఒక ఆకులో కాక వాటా తీసి అరుగు మీద పెట్టిస్తోంది. తెల్లారేసరికి ఆకు ఖాళీగా ఉంటోంది. కుక్కలు తింటాయేమో.

ఈ సంగతి ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మీ అన్నకు. అతని కోపం నీకు తెలుసు కదా.

వేళకు తిను. మీ ఇంట్లో చిన్నమ్మ బాగుంది, నీ గురించి అడుగుతోంది.

గౌసియా

*

కోదాడ
నవంబరు 2004

గౌసియాకు,

మొదటి ఉత్తరంలో ఒక మాట, రెండో ఉత్తరంలో ఒక మాట. నాకు అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పటినుంచీ రాదు. అబద్ధమాడేటప్పుడు నీ అక్షరాలు కూడా గుండ్రంగా, బుద్ధిగా వస్తాయి.

నువ్వు చెప్పొద్దన్నావు కానీ అప్పటికే చెప్పేశాను. ఒక సాయంత్రం దీపం పెట్టకుండా కూర్చుంటే అత్తమ్మ అడిగింది, నా నోరు ఆగలేదు. ఆమె గుండెలు బాదుకుంది. గొంగడి దక్కని ప్రాణం గాలిలో తిరుగుతోందని, కడుపుతో ఉన్న బిడ్డను ముందు పట్టుకుంటుందని అన్నది. నాయన నా బిడ్డను ఏం చేస్తాడు? గొర్రె ఈనితే పిల్లను తన గొంగట్లో చుట్టుకుని పడుకునే మనిషి. ఆ మాటే అన్నాను. "బతికినప్పటి మనిషి వేరు, పోయినంక వేరు" అన్నది.

అన్న మేళ్లచెరువునుంచి సిమెంటు లోడుతో పోతూ ఇక్కడ దిగాడు. అత్తమ్మ అంతా చెప్పింది. వచ్చే శుక్రవారం మంత్రగాణ్ణి, నలుగురు మనుషుల్ని తీసుకుని వస్తున్నాడు. పొద్దుగూకే వేళకు బండ చుట్టూ కాపేసి, ఆ ఆకారాన్ని వేపమండలతో, చింతబరికెలతో కొట్టి దించుతారట. పట్టాను కోసి సాగర్ కాలువలో పడేస్తారట. వద్దనడానికి నాకు ధైర్యం చాలలేదు. నా కడుపులో ఒక ప్రాణం ఉంది.

నీకు తెలిసింది ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు.

రజని

*

మన ఊరు
నవంబరు 2004, మంగళవారం

రజనీ, ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని కోదాడ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. చదవగానే మీ అన్నను ఆపు. ఎట్లయినా ఆపు.

అది మీ అమ్మ.

నీకు మొదటి ఉత్తరం రాశాక, మరుసటి సాయంత్రం నేను బండ కింద దాక్కున్నాను. పట్టా మోగింది. గొంగడి దిగుతూ దిగుతూ కాలు జారింది. "ఓ అవ్వా" అని ఆడగొంతు. రాయిని పట్టుకున్న చేయి చూశాను. గాజులు లేని చేయి.

నన్ను చూసి చిన్నమ్మ అక్కడే కూలబడింది. ఏడాది తిరిగేదాకా దీపాల వేళ గడప దాటొద్దని, ఎవరికీ ఎదురుపడొద్దని మీ పెద్దలు ఆమెకు కట్టడి చేశారు కదా. ఆ గొంగడి కప్పుకుంటే ముఖం కనబడదని కప్పుకుంది. దాన్ని దాచింది కూడా ఆమేనట. "ఆయన్నయితే పంపిన బిడ్డా. ఆయన వాసన కూడ పంపాల్నా? గదొక్కటి నాకు ఉంచుకున్న" అన్నది.

ఎందుకు కొడుతున్నావు చిన్నమ్మా అంటే ఏమన్నదో విను. "ఆయన ఉన్నన్ని దినాలు తిట్టిన. ఇంట్ల పని ఇడిసి పట్టా కొట్టవోతడని ఎన్ని మాటలన్న! మొదటి దినం మైకు బందయింది. నా చెవి అటే పోయింది. ఇంకా కొట్టడేందని సూస్తున్న. గప్పుడు యాదికొచ్చింది, కొట్టెటోడు లేడని. అక్క గాడ ఖజ్జూరం పట్టుకొని కూసుంటది, పట్టా ఇనకుంటే నోట్లె పెట్టదు. షుగరు మనిషి. నేను ఇంట్ల ఎట్ల కూసునేది?"

ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు పెట్టించుకుంది. నీకు కూడా చెప్పొద్దన్నది, బిడ్డకు తలవంపులని. అందుకే నీకు ఆ బుద్ధి అక్షరాల ఉత్తరం రాశాను. అరుగు మీది ఆకు ఖాళీ చేసేది కుక్కలు కాదు. కాక పోయినప్పటినుంచీ ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదట. ఆ గుగ్గిళ్లే ఆమె అన్నం.

చింతబరికెలతో మీ అమ్మను కొడతారా రజనీ? ఇప్పుడు ఒట్టు తప్పాను. ఆ పాపం నాకే తగలనీ. నువ్వు ఆమెను కాపాడు.

గౌసియా

*

కోదాడ
నవంబరు 2004

గౌసీ,

ఎస్టీడీ బూత్‌కు ఉరికి అన్నకు చెప్పాను. "నేను కొడ్తుంటినే చెల్లె, నా చేతులతోనే కొడ్తుంటి" అని ఒక్కటే మాట. మంత్రగాణ్ణి రావద్దన్నాడు. తానే వెళ్లి అమ్మను లారీలో ఎక్కించుకుని ఇక్కడికి తెచ్చాడు. ఊళ్లో ఇంకెవరి కంటైనా పడకముందే తీసుకురావడం మంచిదనుకున్నాం. నీకు చెప్పి పోవడానికి కూడా వ్యవధి లేకపోయింది, ఏమనుకోకు.

దయ్యం కాదని తెలిశాక హాయిగా ఉండాలి కదా. నేను ఏడ్చాను. అమ్మ అయినందుకు ఏడ్చాను. నాయన కానందుకు ఇంకా ఎక్కువ ఏడ్చాను. ఈ పదిహేను రోజులూ నాయన ఎక్కడో ఒకచోట ఉన్నాడనే నమ్మకంతో ఉన్నాను. ఆ మనిషి నాకు మళ్లీ పోయాడు.

అమ్మ ఇక్కడ కుదురుగా ఉండటం లేదు. పొద్దు వాలేసరికి డాబా ఎక్కి మన ఊరి దిక్కు చూస్తోంది. మొన్న వంటింట్లో అట్లకాడతో గోడకు కొట్టబోయి ఆగిపోయింది.

ఇప్పుడు పెద్దమ్మకు పట్టా ఎవరు కొడుతున్నారు?

రజని

*

మన ఊరు
నవంబరు 2004

రజనీ,

నేనే కొట్టాను. ఎలా కొట్టానో చెప్తాను, తర్వాత నన్ను ఎంతన్నా తిట్టు.

చిన్నమ్మ ఊళ్లో లేదని ఆ రోజు సాయంత్రం దాకా నాకు తెలియదు. మబ్బు పట్టి, ముసురు. అమ్మకు మధ్యాహ్నంనుంచే చెమటలు, మాట తడబడుతోంది. షుగరు పడిపోతోందని తెలుస్తూనే ఉంది. చక్కెర నీళ్లు ఇస్తే మొహం తిప్పుకుంది. జబ్బు మనిషికి దేవుడే వెసులుబాటు ఇచ్చాడమ్మా అంటే, "ఆయన ఇచ్చిండు, నేను తీసుకోలేదు" అన్నది. ఇంక ఆగలేక బండ మీదికి ఉరికాను. చిన్నమ్మ లేదు. అజాన్ ఇంకా కాలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా కొట్టాను. మా అమ్మ బతకాలని కొట్టాను.

అమ్మ తిన్నది. కాసేపటికి తేరుకుంది. నమాజు అయ్యాక నన్ను పిలిచి నా అరచేయి తడిమింది. పట్టా కొట్టే కడ్డీ తుప్పు ఇంకా అంటుకునే ఉంది.

"మంగయ్య ఆగి ఆగి కొడతడు. ఒక దెబ్బ మోగి, అది సల్లారినంక ఇంకొకటి. జంగమ్మది తొందర చేయి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టు కొడతది. ఇయ్యాల కొట్టింది భయం చేయి. నా బిడ్డ చేయి" అన్నది.

"జంగమ్మ చిన్నమ్మ అని నీకు తెలుసా?" అన్నాను.

"మొదటి దినమే తెలుసు."

"మరి మంగయ్య కాక అని అందరికి ఎందుకు చెప్పినవు?"

"ముండమోసింది దీపాల పొద్దుకు బయట తిరుగుతున్నదంటే ఊరు ఊకుంటదా? అదే దయ్యమంటే ఎవ్వడు అడ్డం పోడు. గాయన పేరు చెప్తే ఆమె ఆ కాసేపన్న గాలి పీలుస్తది, నాలుగు మెతుకులు తింటది."

ఒకామె చీకట్లో మా అమ్మ కోసం, ఇంకొకామె చీకట్లాంటి కళ్లతో మీ అమ్మ కోసం. నడుమ మనం దయ్యాన్ని చూసి వణికాం.

అమ్మ నన్ను తిట్టలేదు. "పొద్దు గూకకముందే ఇడిసిన ఆ ఒక్క రోజా నాకు బాకీ ఉన్నది, పండుగ అయినంక తీర్చుకుంట" అన్నది అంతే. అదే నాకు గుచ్చుకుంటోంది.

చిన్నమ్మను పంపించు. నువ్వు కూడా రా. అమ్మ రమ్మంటోంది.

గౌసియా

*

కోదాడ
నవంబరు 2004, పండుగ తర్వాత

గౌసీ,

మన ఊరినుంచి ఇల్లు చేరాం. అత్తమ్మ ఇంకా ముఖం ముడుచుకునే ఉంది. ముడుచుకోనీ.

ఆ సాయంత్రం నా కళ్లలోంచి పోవడం లేదు. అమ్మ గొంగడి కప్పుకుని బండ ఎక్కడం మీ వాకిట్లోంచి చూస్తుంటే, అమ్మే అని తెలిసి కూడా "నాయనా" అని పిలవబోయాను. ఆ నడక కూడా నాయనదే అయిపోయింది. అన్న బండ కింద నిలబడి, అటు పోబోయిన వాళ్లను ఆపి ఏమన్నాడో విన్నావా? "ఎవ్వరు పోకుండ్రి, మా నాయన ఉన్నడు." కొట్టి దించుతానని బయలుదేరిన మనిషే ఆ మాట అన్నాడు.

పట్టా మోగింది. మీరందరూ ఖర్జూరం తీసుకున్నారు. పెద్దమ్మ మాత్రం తన చేతిలోది తినకుండా గడప వైపు ముఖం పెట్టి కూర్చుంది. అమ్మ ఎప్పటిలా చాటుగా ఆకు అందుకుని పోదామని అరుగు దాకా వచ్చింది. "జంగమ్మా, లోపలికి రా. నువ్వు కూసుంటేనే నేను ఇడుస్త" అన్నది పెద్దమ్మ. ఇన్నేళ్లలో అమ్మ మీ వాకిట్లో దస్తర్ఖాన్ ముందు కూర్చోవడం అదే మొదలు. పెద్దమ్మ ఖర్జూరం రెండు ముక్కలు చేసి సగం అమ్మ నోట్లో పెట్టింది. అమ్మ నమలలేక ఏడ్చింది. ఒక్కరూ ఓదార్చలేదు, అదే నాకు నచ్చింది. బజ్జీల పళ్లెం ఆమె ముందుకు జరిపారు అంతే.

తర్వాత మీరు వరసగా నిలబడ్డారు. అమ్మా నేనూ వెనక కూర్చున్నాం. ముసురు ఆగి కాలువ నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. అందరూ ఒక్కసారే వంగుతుంటే బట్టల సవ్వడి. నా కడుపులోది కదలడం ఆపి, విన్నట్టుగా ఊరుకుంది. అప్పుడు నా వెనక, అరుగు మీద, ఎవరో దగ్గును నోట్లోనే ఆపుకున్నట్టు వినిపించింది. తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. చూస్తే ఉండడని తెలుసు.

అమ్మ ఊళ్లోనే ఉంటానన్నది. ఉండనిచ్చాం.

రజని

*

మన ఊరు
జనవరి 2005

రజనీ,

అమ్మ పోయింది. మీ అన్న చెప్పే ఉంటాడు. అంత దూరం ప్రయాణం చేసి రావద్దని నేనే చెప్పమన్నాను, నీకు నెలలు నిండుతున్నాయి.

ఆ ఒక్క రోజా తీర్చుకోవాలని పండుగ అయినప్పటినుంచీ పట్టుబట్టింది. ఒళ్లు బాగుండక వాయిదా వేస్తూ వచ్చాను. చివరికి నాకు చెప్పకుండానే తెల్లవారుజామున నీళ్లు తాగి, రోజా ఉంటానని నియ్యత్ పెట్టుకుంది. మధ్యాహ్నం అన్నం పెట్టబోతే అప్పుడు చెప్పింది. "ఒక్క పూటే కదనే, చలికాలం పొద్దు జల్ది గూకుతది" అని నవ్వింది.

పొద్దు వాలుతుంటే ఖర్జూరం అడిగింది. చేతిలో పెట్టి చక్కెర నీళ్లు కలపడానికి లోపలికి పోయాను. వచ్చేసరికి గోడకు ఆనుకుని, తల బండ వైపు వంచి, వింటున్నట్టే ఉంది. పిలిస్తే పలకలేదు.

అది రంజాన్ కాదు. చిన్నమ్మకు ఎవరూ చెప్పలేదు. పట్టా మోగలేదు.

నేను ఆ రోజు మబ్బుల్లో తొందరపడకపోతే ఈ రోజా ఉండేది కాదు. తొందరపడకపోతే అమ్మ ఆ రోజే పోయేదేమో. రెండూ నిజమే, రెండింటి నడుమ నేను నలిగిపోతున్నాను.

మా అన్నయ్య సూర్యాపేట రమ్మంటున్నాడు. అక్కడ టైలరింగ్ షాపులో పని ఉందట. ఇంటికి తాళం వేసి పోతున్నాను.

గౌసియా

*

మన ఊరు
డిసెంబరు 2005

గౌసీ,

పాపను తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చాను. పది నెలలది, పొద్దుగూకితే ఇప్పటికీ దీనికి నిద్ర రాదు.

ఊరు మారింది. సబ్‌స్టేషన్ వచ్చింది, సాయంత్రం కరెంటు పోవడం లేదు. మసీదు మైకు కాలువ దాకా ఖంగుమంటోంది. అమ్మకు ఏడాది కట్టడి కూడా తీరిపోయింది, ముఖం దాచుకోవాల్సిన పని లేదు. పట్టాతో ఎవరికీ పని లేదు.

అయినా అమ్మ రోజూ కొడుతోంది. రంజాన్‌లో కొట్టింది, పండుగ అయిపోయి నెల దాటినా కొడుతూనే ఉంది. అదే గొంగడి కప్పుకుంటుంది. కొట్టి దిగివచ్చి, తాళం వేసిన మీ ఇంటి ముందు నిలబడి చెవి పెట్టి వింటుంది. ఊళ్లో వాళ్లు పిచ్చి పట్టిందంటున్నారు. అన్న తన దగ్గరికి తీసుకుపోతానంటే రానంటోంది. రాత్రి చలికి, మంచుకు జ్వరం తెచ్చుకుంటోంది. ఇలాగే ఉంటే ఈ చలికాలం దాటదేమోనని నాకు దిగులుగా ఉంది.

"ఎవరి కోసం కొడుతున్నవమ్మా?" అని అడిగాను. నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

"అక్క ఆ దినం ఉపాసం ఇడవలే బిడ్డా. ఖజ్జూరం చేతిలనే ఉండె. నేను కొట్టలేదు. నేను కొడ్తనని ఇంకా సూస్తనే ఉన్నది. ఆమె ఇడిసేదాంక నేను ఎట్ల ఆపుత?"

ఆమెకు ఏం చెప్పాలో నీకేమన్నా తెలిస్తే చెప్పు.

రజని

*

సూర్యాపేట
డిసెంబరు 2005

రజనీ,

నీ ఉత్తరం అందగానే మన ఊరికి పోయి వచ్చాను. నువ్వు అప్పటికే కోదాడ వెళ్లిపోయావట. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

నీకు చెప్పని సంగతి నా దగ్గర కూడా ఒకటుంది. అమ్మ చేతిలోని ఖర్జూరం నేను పారేయలేదు. మూటగట్టి ట్రంకుపెట్టెలో దాచాను. ఈ రంజాన్‌లో ఇక్కడ సైరన్ మోగి, అన్ని మసీదుల మైకులూ ఒక్కసారి పలికినా, నా చేయి నోటి దగ్గరికి పోయేది కాదు. వదినే ప్రతిసారీ మోచేయి తట్టేది. చిన్నమ్మ అక్కడ, నేను ఇక్కడ, ఒక్క ఉపవాసాన్నే మోస్తున్నామని నీ ఉత్తరం చదివాక తెలిసింది.

అమ్మ బాకీ రోజాను నేను ఉండొచ్చా అని మౌజన్ సాబ్‌ను అడిగాను. కొందరు ఔనంటారు, కొందరు పేదవాళ్లకు అన్నం పెడితే చాలంటారు అన్నాడాయన. రెండూ చేశాను. ఆ రోజు అమ్మ పేరున ఉపవాసం ఉన్నాను. తాళం తీసి, వాకిలి ఊడ్చి, గుగ్గిళ్లు ఉడికించాను. కాలువ పక్క ఆడవాళ్లు వచ్చారు. చిన్నమ్మకు ఎదురుపోయి, "ఇయ్యాల అమ్మ ఇడుస్తది, కొట్టు" అన్నాను. గొంగడి కప్పుకుని బండ వైపు నడిచింది.

మైకులో అజాన్ అయింది. నేను దాచిన ఖర్జూరం పట్టుకుని ఆగాను. అమ్మ కూర్చున్న చోటే కూర్చుని, కళ్లు మూసుకున్నాను.

పట్టా మోగింది. ఒక దెబ్బ. అది మోగి, కాలువ మీదుగా పోయి, పూర్తిగా చల్లారింది. అప్పుడు ఇంకొకటి.

రజనీ, చిన్నమ్మ చేయి నాకు తెలుసు. అది తొందర చేయి.

నేను ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను. ఎండి రాయిలా ఉంది. నానేదాకా ఉంచుకుని మింగాను. నమాజులో వంగినప్పుడు నా పక్కన కూర్చుని వంగుతున్నట్టు ఎవరో ఉన్నారని అనిపించింది. భయం వేయలేదు.

చిన్నమ్మ దిగి వచ్చింది. ఈసారి చెవి పెట్టి వినలేదు. నేరుగా లోపలికి వచ్చి కూర్చుని, "ఇడిసిందా?" అన్నది.

"ఇడిసింది చిన్నమ్మా" అన్నాను. తర్వాత, "ఇయ్యాల ఆగి ఆగి కొట్టినవేంది?" అని అడిగాను.

"నేనా? ఎప్పటిలెక్కనే కొట్టిన" అన్నది. అని, చాలాసేపు తన అరచేయి చూసుకుంది.

గొంగడి తీసి మడతపెట్టి మా అరుగు మీద ఉంచింది. ఇంక కప్పుకోనన్నది. మీ అన్న వచ్చాక కాకను పెట్టిన చోటికి తీసుకుపోయి కప్పి రమ్మంటానన్నది. తనూ మేళ్లచెరువు పోయి ఈ చలికాలం అతని దగ్గరే ఉంటానన్నది. నేను బతిమాలలేదు, తనే అన్నది.

ఆ రాత్రి ఆమె మా ఇంట్లోనే పడుకుంది. పడుకోబోయే ముందు ఇద్దరం గుగ్గిళ్లలో రెండు వాటాలు తీసి, రెండు ఆకుల్లో అరుగు మీద పెట్టాం.

తెల్లారి ఆ ఆకులు ఖాళీగా ఉన్నాయో లేదో మేం చూడలేదు.

నీ
గౌసియా